కడలి నడుమ దీపస్తంభం: పడగొట్టిన సముద్రం, మళ్ళీ కట్టిన మనుషులు

ప్రతి సంవత్సరం ఈ సంచికలో యుద్ధాల గురించి, రెజిమెంట్ల గురించి మనవాళ్ళు చాలా చక్కగా రాస్తున్నారు. ఈసారి తుపాకీ లేని ఒక పోరాటం గురించి రాద్దామని అనిపించింది. సముద్రం మధ్యలో రాతిమీద దీపం నిలబెట్టడం, అది పడిపోతే మళ్ళీ నిలబెట్టడం గురించి ఈ వ్యాసం. నేను ఇంజనీర్స్ దళంలో పనిచేసి రిటైరైన జేసీవోని. వంతెన కట్టడం ఒక పని, కొట్టుకుపోయిన వంతెన తిరిగి వేయడం ఇంకో పని అని మా ట్రేడువాళ్ళకి తెలుసు. రెండోదానికి ధైర్యం ఒక్కటే చాలదు, మొదటిది ఎందుకు పోయిందో తెలియాలి.

మన గోల్‌బజార్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుకి వచ్చినవాళ్ళే. ఆ తీరంలో భీమునిపట్నానికి ఉత్తరాన శాంతపల్లి అనే ఊరు ఉంది. అక్కడి సముద్రంలో కొన్ని మైళ్ళ దూరాన నీళ్ళలో దాగిన రాళ్ళున్నాయి. భీమిలి రేవుకి వచ్చే ఓడలకి అవి ప్రమాదమని 1847లో శాంతపల్లి దగ్గర గుట్టమీద లైట్‌హౌస్ కట్టారు. దీపం గట్టుమీద, ప్రమాదం నీళ్ళలో. ఒడ్డున ఎత్తైన గుట్ట ఉంది కాబట్టి అది కుదిరింది. ఒడ్డు కనపడనంత దూరంలో రాళ్ళు ఉంటే? అప్పుడు దీపాన్ని ఆ రాతిమీదే పెట్టాలి. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది.

నాలుగుసార్లు కట్టిన ఎడ్డీస్టోన్

ఇంగ్లాండులో ప్లిమత్ అని పెద్ద నౌకాదళ రేవు ఉంది. దానికి సుమారు 22 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో ఎడ్డీస్టోన్ రాళ్ళున్నాయి. పోటు సమయంలో మునిగిపోతాయి, ఆటు సమయంలో కొద్దిగా తేలతాయి. వాటిమీద ఎన్ని ఓడలు పగిలాయో లెక్కలేదు. హెన్రీ విన్‌స్టన్‌లీ అనే ఆయన 1696లో అక్కడ కట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు ఇంగ్లాండుకీ ఫ్రాన్సుకీ యుద్ధం. 1697లో ఫ్రెంచివాళ్ళు ఆయన్ని రాతిమీద నుంచే పట్టుకుపోయారు. అయితే ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ, మన యుద్ధం ఇంగ్లాండుతో గాని సముద్రంలో పోయే మనుషులందరితో కాదని చెప్పి, ఆయన్ని విడిపించి పంపాడంటారు. దీపం ఏ దేశపు ఓడకైనా ఒకేలా వెలుగుతుంది కదా!

1698 నవంబరు 14న ఆ దీపం వెలిగింది. కెరటాలు దీపం దాకా ఎగసిపడుతుంటే మరుసటి ఏడాది స్తంభాన్ని ఇంకా లావుగా, ఎత్తుగా చేశారు. తన కట్టడం మీద విన్‌స్టన్‌లీకి గట్టి నమ్మకం. ఎంత పెద్ద తుఫాను వచ్చినా ఆ రాత్రి తాను దానిలోనే ఉండాలని కోరుకునేవాడట. 1703 నవంబరు 26 రాత్రి ఇంగ్లాండు చరిత్రలోనే ఘోరమైన తుఫాను వచ్చింది. ఆయన ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. తెల్లారి చూస్తే స్తంభమూ లేదు, మనుషులూ లేరు. దీపం పోయిన కొద్దిరోజులకే వర్జీనియా నుంచి వస్తున్న వించెల్సీ అనే ఓడ ఆ రాళ్ళమీదే పగిలింది. సెంట్రీ లేని పోస్టు ఎలా ఉంటుందో అలాగే.

రెండోసారి కట్టినవాడు జాన్ రడ్యర్డ్, పట్టుబట్టల వ్యాపారి. ఓడలు కట్టే వడ్రంగుల్ని తోడు తెచ్చుకున్నాడు. మొదటి స్తంభానికి మూలలు, వసారాలు, అలంకారాలు ఎక్కువ. గాలికీ నీటికీ అవన్నీ పట్టు. రడ్యర్డ్ అవన్నీ తీసేసి, నున్నగా గుండ్రంగా, పైకి పోయినకొద్దీ సన్నబడేలా చెక్కతో కట్టాడు. లోపల బరువుకి రాయి వేశాడు. 1709లో పూర్తయిన ఆ కట్టడం 46 ఏళ్ళు నిలబడింది. దాన్ని కెరటం ఏమీ చేయలేకపోయింది. 1755 డిసెంబరు 2న దీపం గది కప్పుకి నిప్పంటుకుంది. హెన్రీ హాల్ అనే కాపలాదారుకి అప్పటికి 94 ఏళ్ళు. ఆ వయసులో బకెట్‌తో పైకి నీళ్ళు విసురుతుంటే కప్పుమీది సీసం కరిగి నోట్లో పడింది. పన్నెండో రోజున ఆయన చనిపోయాడు. కడుపులో నుంచి తీసిన సీసపు ముద్ద ఏడు ఔన్సులు తూగింది. అది ఇప్పటికీ స్కాట్లాండు మ్యూజియంలో ఉంది.

మూడోసారి పిలిచింది జాన్ స్మీటన్‌ని. ముందు ఇద్దరూ ఎందుకు ఓడిపోయారో ఆయన కూర్చుని ఆలోచించాడు. మొదటిది తేలికగా ఉండి గాలికి పట్టు ఇచ్చింది, రెండోది మండే సరుకు. కాబట్టి రాయే కావాలి, బరువే కావాలి. ఆకారానికి ఓక్ చెట్టుని చూశాడు. మొదలు లావుగా భూమిలోకి పరచుకుని, పైకి సన్నబడి, గాలిని తట్టుకునే చెట్టు. రాళ్ళని ఒకదానిలో ఒకటి దూరి పట్టేటట్టు కోయించాడు. మన వర్క్‌షాపు కార్పెంటర్లు డవ్‌టెయిల్ జాయింట్ అంటారే, అదే పద్ధతి గ్రానైటులో. వరసకీ వరసకీ మధ్య చలువరాతి బిరడాలు దిగ్గొట్టించాడు. ప్రతి వరస ముందు ఒడ్డున పేర్చి సరిచూసి, ఆ తర్వాతే పడవ ఎక్కించేవారు.

ఇంకో చిక్కు సున్నం. మామూలు సున్నం నీళ్ళలో గట్టిపడదు. స్మీటన్ రకరకాల సున్నపురాళ్ళు తెప్పించి పరీక్షలు చేసి, బంకమట్టి కలిసిన సున్నపురాయి కాలిస్తే వచ్చే సున్నం నీళ్ళలో కూడా గట్టిపడుతుందని తేల్చాడు. తర్వాత కాలంలో సిమెంటు తయారీకి దారి చూపిన పనుల్లో ఇది ముఖ్యమైనది. ఈ రోజు మనం ఇంటి పునాదికి బస్తాలు దింపించుకుంటున్నామంటే, అందులో ఆ రాతిమీది దీపానికి కూడా కొంచెం వాటా ఉంది.

మనవాళ్ళకి నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో బ్రిటిష్ నేవీవాళ్ళు రేవుల్లో కనపడ్డ మనుషుల్ని బలవంతంగా పట్టుకుపోయి ఓడ ఎక్కించేవారు. స్మీటన్ తన పనివాళ్ళు పోకుండా ఒక్కొక్కరికి గుర్తుగా మెడల్ చేయించి ఇచ్చాడు. అది చూపిస్తే వదిలేసేవారు. ఆటు ఉన్న కొద్ది గంటల్లోనే పని, మిగతా టైము పడవలో ఎదురుచూపు. అలా 1759 అక్టోబరు 16న 24 కొవ్వొత్తులతో దీపం వెలిగింది.

ఆ స్తంభం నూటఇరవై ఏళ్ళు చెక్కుచెదరలేదు. కాని కింద ఉన్న రాతిని సముద్రం తొలిచేసింది. పెద్ద కెరటం తగిలినప్పుడల్లా స్తంభం ఊగడం మొదలైంది. కట్టినవాడి తప్పు లేదు, నిలబడ్డ నేలే పోతోంది. దాంతో జేమ్స్ డగ్లస్ పక్క రాతిమీద నాలుగోది కట్టాడు. అది 1882లో వెలిగింది. ఎత్తు 49 మీటర్లు. అడుగున గుండ్రటి గట్టి దిమ్మె వేసి, కెరటం ముందు దానికి తగిలి విరిగేటట్టు చేశాడు. స్మీటన్ స్తంభం పైభాగాన్ని ప్లిమత్ ప్రజలు చందాలు వేసుకుని, రాయి రాయీ విప్పి తెచ్చి ఒడ్డున నిలబెట్టుకున్నారు. దాని మొదలు మాత్రం ఊడి రాలేదు. ఇప్పటికీ డగ్లస్ స్తంభం పక్కనే సముద్రంలో ఉంది.

సైన్యం ఇంజనీర్ల పని

అమెరికాలో బోస్టన్ దగ్గర మైనాట్స్ లెడ్జ్ అనే రాయి ఉంది. దానిమీద 1850లో ఇనప కాళ్ళమీద దీపం పెట్టారు. కాళ్ళ మధ్య నుంచి కెరటం పోతుందని లెక్క. మొదటి కాపలాదారు ఇది ఊగుతోంది, నిలబడదు అని పైకి రాశాడు. ఎవరూ వినలేదు, ఆయన ఉద్యోగం వదిలేశాడు. 1851 ఏప్రిల్ తుఫానులో అది కూలింది. లోపల ఉన్న జోసెఫ్ విల్సన్, జోసెఫ్ ఆంట్వాన్ అనే ఇద్దరు సహాయకులు పోయారు. చివరి దాకా గంట మోగిస్తూనే ఉన్నారని ఒడ్డువాళ్ళు చెప్పుకున్నారు. కింద ఉన్నవాడు పంపిన రిపోర్టు పైవాడు చదవకపోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తిరిగి కట్టే పని సైన్యం ఇంజనీర్లకి వచ్చింది. డిజైను జనరల్ టాటెన్‌ది, పని నడిపింది కెప్టెన్ బార్టన్ అలెగ్జాండర్. 1855లో మొదలైంది. మొదటి ఏడాది రాతిమీద దొరికిన పని సమయం మొత్తం కలిపితే 130 గంటలే. 1857 జనవరిలో ఒక తుఫాను తర్వాత చూస్తే, పని కోసం రాతిలో దిగ్గొట్టిన ఇనప చట్రం మొత్తం మాయం. గట్టి ఇనుమే నిలవకపోతే రాయి ఏం నిలుస్తుందని అలెగ్జాండర్ దిగులుపడ్డాడు. అయినా విచారణ వదల్లేదు. ఆ తుఫానులోనే న్యూ ఎంపైర్ అనే ఓడ ఆ తీరానికి కొట్టుకొచ్చింది. దాన్ని పరీక్షిస్తే చట్రాన్ని గుద్దిన గుర్తులు కనపడ్డాయి. పడగొట్టింది కెరటం కాదు, ఓడ! డిజైను మార్చకుండా పని సాగించారు. 1860 నవంబరులో దీపం వెలిగింది. ఆ స్తంభం ఇప్పటికీ నిలబడే ఉంది. మన భాషలో చెప్పాలంటే, సరైన కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ ఒక లైట్‌హౌస్‌ని కాపాడింది. తొందరపడి సంతకం పెట్టి ఉంటే మంచి డిజైను చెత్తబుట్టలో పడేది.

మన బంగాళాఖాతంలో కూడా ఇలాంటి పని జరిగింది. బర్మా తీరంలో పథేన్ నది ముఖద్వారం దగ్గర అల్గ్వాడా రీఫ్ మీద బెంగాల్ ఇంజనీర్స్‌కి చెందిన కెప్టెన్ అలెగ్జాండర్ ఫ్రేజర్ గ్రానైటు స్తంభం కట్టించాడు. 1865లో అది వెలిగింది. స్కాట్లాండులోని స్కెరీవోర్ స్తంభం దానికి నమూనా. అక్కడి అనుభవం ఇక్కడికి వచ్చిందన్నమాట.

నేల మునిగినా నిలిచిన దీపం

ఇక మన దేశపు దక్షిణపు చివర సంగతి. గ్రేట్ నికోబార్ ద్వీపం కొసన ఇందిరా పాయింట్ ఉంది. అంతకుముందు దాన్ని పిగ్మేలియన్ పాయింట్ అనేవారు. 1972 ఏప్రిల్ 30న అక్కడ లైట్‌హౌస్ ప్రారంభమైంది. మలక్కా జలసంధి వైపు పోయే ఓడలకి అది గుర్తు. ఆ ద్వీపంలో 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను ప్రభుత్వం స్థిరపరచింది. పంజాబు, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడులతోపాటు మన ఆంధ్రప్రదేశ్ నుంచి కూడా వెళ్ళినవారున్నారు. అడవి నరికి, పొలం చేసి, కొబ్బరి పెంచి, దేశం కొసన ఇంకో డ్యూటీ లాగ బతికారు.

2004 డిసెంబరు 26 ఉదయం భూకంపంలో అక్కడి నేల 4 మీటర్లకి పైగా కుంగింది. వెంటనే సునామీ. కొసన ఉన్నవారిలో చాలామంది చనిపోయారు. మాజీ సైనికుల ఊళ్ళూ దెబ్బతిన్నాయి. కార్ నికోబార్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో మన వైమానికదళం సిబ్బంది, కుటుంబాలు కలిపి వందమందికి పైగా పోయిన సంగతి మనం మరచిపోలేం. ఎర్ర తెల్ల పట్టీల ఆ లైట్‌హౌస్ మాత్రం కూలలేదు. ఒడ్డున కట్టింది కాస్తా నీళ్ళలో నిలబడింది. శాంతపల్లిలో దీపం గట్టుమీద ఉందని చెప్పాను కదా, ఇక్కడ గట్టే దీపం కింద నుంచి జారిపోయింది. తర్వాత మరమ్మతు చేసి దీపాన్ని మళ్ళీ పనిచేయించారు.

ఈ చరిత్ర అంతా చూస్తే నాకు ఒక సంగతి కనపడుతోంది. విన్‌స్టన్‌లీని గాలి ఓడించింది, రడ్యర్డ్‌ని నిప్పు, స్మీటన్‌ని నేల. శత్రువు ప్రతిసారీ కొత్త దారిలో వచ్చాడు. తర్వాత వచ్చినవాడు ముందువాణ్ణి ఎగతాళి చేయకుండా, వాడు ఎక్కడ దెబ్బతిన్నాడో అక్కడ గట్టి చేశాడు. రడ్యర్డ్ గుండ్రదనం స్మీటన్ తీసుకున్నాడు, స్మీటన్ రాళ్ళ పొందిక డగ్లస్ తీసుకున్నాడు. యూనిట్‌లో పాతవాళ్ళు కొత్తవాళ్ళకి చార్జి ఇచ్చేటప్పుడు సామాను లెక్కతోపాటు జరిగిన పొరపాట్ల లెక్క కూడా ఇవ్వాలి. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళు అది అడిగి మరీ తీసుకోవాలి. మన రిటైర్డ్‌వాళ్ళం దాచుకోకుండా చెప్పాలి.

ఎడ్డీస్టోన్‌లో 1982 నుంచి కాపలాదారులు లేరు, దీపం దానంతట అదే వెలుగుతుంది. అంతకుముందు దాదాపు మూడు వందల ఏళ్ళు, ముఖం కూడా చూడని నావికుల కోసం ఎవరో ఒకరు ఆ రాతిమీద రాత్రంతా మేలుకుని ఉన్నారు. హెన్రీ హాల్ లాంటివాళ్ళకి, ఇందిరా పాయింట్ దగ్గర పోయినవారికి ఈ సంచికలో ఒక సెల్యూట్ ఇవ్వడం మన ధర్మమని నా అభిప్రాయం. జై హింద్.