ఈ ఇమేజీ ఎవరు కట్టారు?

కంప్యూటర్లోకి కొత్త ఆపరేటింగ్ సిస్టము ఎక్కించాలంటే ఇవాళ ఏం చేస్తాం? ఓ సైటుకెళ్లి రెండుమూడు గిగాబైట్ల ఐసో ఫైలొకటి దింపుకుంటాం, దాన్ని పెన్‌డ్రైవు మీద రాస్తాం, దాంతో బూట్ చేస్తాం. అంతే. ఆ ఫైలు ఎవరు కట్టారు, ఏ మిషను మీద కట్టారు, కట్టేటప్పుడు అందులో ఇంకేమన్నా పడిందా అని అడిగేవాళ్లు నూటికొకరుంటే గొప్ప. హోటల్లో ఇడ్లీ తినేవాడు పిండెవరు రుబ్బారని అడుగుతాడా అంటారేమో. అడగడు. కాకపోతే ఇడ్లీకి మీ బ్యాంకు పాస్‌వర్డు చూసే అవకాశం లేదు.

ఆపరేటింగ్ సిస్టముల చరిత్ర చెప్పేవాళ్లు యూనిక్సు, విండోసు, గేట్సు, టోర్వాల్డ్సు అంటూ మొదలెడతారు. వాటిని మూటగట్టి మనదాకా చేర్చే చిన్నచిన్న కమాండుల ఊసు ఎవరూ ఎత్తరు. నాకైతే అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

ముందు డీడీ సంగతి. 1974లో యూనిక్సు ఐదో కూర్పు నాటి కమాండిది, యాభయ్యేళ్లు దాటినా ఇంకా చెలామణీలో ఉంది. మిగతా యూనిక్సు కమాండులు అడ్డగీత పెట్టి ఆప్షన్లు అడుగుతుంటే ఇది మాత్రం ‘ఐఎఫ్ ఈక్వల్స్ ఫలానా, ఓఎఫ్ ఈక్వల్స్ ఫలానా’ అంటూ వేరే యాసలో మాట్లాడుతుంది. ఆ యాస ఐబీఎం మెయిన్‌ఫ్రేములది. అక్కడి జేసీఎల్ భాషలో డీడీ అనే స్టేట్‌మెంటొకటుంది. డేటా డెఫినిషన్ అని అర్థం. పేరూ అక్కడిదే, వ్యాకరణమూ అక్కడిదే. కాపరానికొచ్చి యాభయ్యేళ్లయినా పుట్టింటి యాస వదలని కోడలన్నమాట. వైటూకే రోజుల్లో జేసీఎల్ నేర్చుకుని విమానమెక్కిన మనవాళ్లు ఎందరో. వాళ్లకి ఈ కమాండు చూస్తే పాత స్నేహితుడు కనబడ్డట్టుంటుంది.

డీడీకి ఫైలంటే తెలీదు, ఫోల్డరంటే తెలీదు. ఇక్కడి బైట్లు అక్కడ పెట్టడమొక్కటే తెలుసు. అడిగిందే తడవుగా పెట్టేస్తుంది, ఓఎఫ్ దగ్గర పొరపాటున హార్డుడిస్కు పేరు కొట్టినా సరే. డిస్క్ డిస్ట్రాయర్ అన్న ముద్దుపేరు అందుకే వచ్చింది.

చాలాకాలం పాటు ఇమేజీ అంటే డీడీ పద్ధతే. ఒక మిషను మీద చేత్తో అన్నీ ఎక్కించి, సరిచేసి, ఆ డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ కొట్టడం. విండోసు లోకంలో ఇదే పని ఘోస్ట్ చేసింది. అది న్యూజీలాండులో పుట్టి, 1998లో సిమాంటెక్ చేతికొచ్చి, నార్టన్ ఘోస్ట్ అయింది. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లు, ఇంజనీరింగు కాలేజీ ల్యాబులు దాని మీదే నడిచిన రోజులున్నాయి. ఒక మిషను తయారుచేస్తే అరవై మిషన్లు తయార్. మొదటిదాంట్లో వైరసు ఉంటే అరవైటికీ వైరసు. ఇలా కాపీకి మూలంగా వాడే దాన్ని ఆఫీసుల్లో గోల్డెన్ ఇమేజీ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అశ్వమేధంలో రాముడు పక్కన పెట్టుకున్న బంగారు సీత గుర్తొస్తుంది. పోలికలన్నీ సరిగ్గానే ఉంటాయి, లోపల ఎవరున్నారో అడక్కూడదు.

కాపీ కొట్టడం వేరు, కట్టడం వేరు. ఆ తేడా సీడీలతో వచ్చింది.

సీడీ మీద ఫైళ్లు ఎలా సర్దాలో చెప్పే ఐసో 9660 ప్రమాణం 1988 నాటిది. మనం ఐసో అని పిలిచే ఫైలుకి ఆ పేరు దాన్నుంచే. ఇందులో సీడీని 2048 బైట్ల ముక్కలుగా చూస్తారు. మొదటి 16 ముక్కలు, అంటే 32 కిలోబైట్లు, ఖాళీగా వదిలేయాలి. ఈ ఖాళీ స్థలం గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది. పదిహేడో ముక్కలో డిస్కు పేరూ, కొలతలూ, దాన్ని తయారుచేసిన తేదీ, సమయం గట్రా ఉంటాయి. ఆ తేదీని కూడా గుర్తుపెట్టుకోండి, అసలు తగువు దాంతోనే.

కాలిఫోర్నియాలో యగ్డ్రాసిల్ అనే చిన్న కంపెనీ ఉండేది. నార్వే వైపు పురాణాల్లో లోకాలన్నిటినీ మోసే చెట్టు పేరది, మన అశ్వత్థవృక్షం లాంటిది. వీళ్లు 1992 డిసెంబరులో లినక్సుని సీడీ మీద పెట్టి వదిలారు, అదీ సీడీ మీంచే నడిచేట్టు. లినక్సు పుట్టి అప్పటికి ఏడాది దాటిందంతే. ఫోల్డర్లోని ఫైళ్లన్నిటినీ తీసుకుని ఐసో కట్టే కమాండొకటి 1993లో ఎరిక్ యంగ్‌డేల్ రాశాడు. దాని కాపీరైటు యగ్డ్రాసిల్ పేరు మీదే ఉంది. ‘మేక్ ఐసో ఫైల్ సిస్టం’ని కుదించి ఎంకేఐసోఎఫ్ఎస్ అన్నారు. నోరు తిరగదు, నిజమే. కానీ ఇక్కడ జరిగింది పెద్ద విషయం. ఇమేజీ అనేది ఫొటో తీసే వస్తువు కాదు, వంటలాగా దినుసులిచ్చి వండే వస్తువయింది. దినుసులూ పద్ధతీ తెలిస్తే ఇంకోడూ వండొచ్చు. కనీసం సిద్ధాంతరీత్యా.

అలా కట్టిన సీడీ నుంచి నేరుగా బూట్ అయ్యే పద్ధతి 1995లో ఐబీఎం, ఫీనిక్స్ కంపెనీలు కలిసి తెచ్చాయి. దాని పేరు ఎల్ టొరీటో. కాలిఫోర్నియాలోని ఓ మెక్సికన్ హోటలు పేరది. అక్కడ భోంచేస్తూ దీన్ని ఆలోచించారట. అదే మన దగ్గరైతే బూటింగు ప్రమాణానికి ప్యారడైజ్ అని పేరుండేది.

2000లో జర్మనీలో క్లాస్ నాపర్ తన నాపిక్స్ వదిలాడు. దాదాపు రెండు గిగాబైట్ల సాఫ్టువేరుని నొక్కిపెట్టి 700 మెగాబైట్ల సీడీలో కుక్కి, హార్డుడిస్కు ముట్టుకోకుండా నడిపించాడు. ఆ సీడీ విప్పి, అక్కర్లేనివి తీసేసి, తమక్కావలసినవి వేసి, ఎంకేఐసోఎఫ్ఎస్ తో మళ్లీ కట్టి ఎడాపెడా కొత్త డిస్ట్రోలు వదిలారు జనం. అప్పట్లో మనకీ సీడీలు పోస్టులోనో, పీసీక్వెస్ట్ లాంటి పత్రికలతోనో వచ్చేవి. ఉబుంటు వాళ్లయితే 2011 దాకా ఉచితంగా ఇంటికి పంపేవాళ్లు.

ఈలోగా ఎంకేఐసోఎఫ్ఎస్ బెర్లిన్‌లో ఉండే యోర్గ్ షిల్లింగ్ చేతుల్లోకొచ్చింది. సీడీ రాసే సీడీరికార్డ్ ఆయనదే. రెండూ కలిపి సీడీఆర్‌టూల్స్ అయ్యాయి. 2006లో అందులో చాలా భాగాల లైసెన్సుని ఆయన సన్ కంపెనీ వాళ్ల సీడీడీఎల్ కి మార్చాడు. ఎంకేఐసోఎఫ్ఎస్ మాత్రం జీపీఎల్ లోనే ఉంది. ఆ రెండూ కలిపి పంచడానికి కుదరదంది డిబియన్. కుదురుతుందన్నాడాయన. డిబియన్ వాళ్లు పాత కోడుని తీసుకుని సీడీఆర్‌కిట్ అని వేరుకాపరం పెట్టారు, ఎంకేఐసోఎఫ్ఎస్ కి జెన్ఐసోఇమేజ్ అని పేరు మార్చారు. ఆ తగువు ఏళ్ల తరబడి సాగింది. 2021లో షిల్లింగ్ పోయేదాకా ఎవరి మాట వాళ్లదే. నన్నడిగితే లైసెన్సు విషయంలో డిబియన్ జాగ్రత్త సబబే. కానీ వేరుకాపరం పెట్టినవాళ్లు దాన్నేమన్నా పోషించారా అంటే 2010 తరవాత సీడీఆర్‌కిట్ కి కొత్త కూర్పే లేదు. లోకమంతా వాడే పనిముట్టుకి ఒకవైపు ఒక్కడు, రెండోవైపు ఎవరూ లేరు. చివరికి థామస్ ష్మిట్ రాసిన గ్జోరిసో ఆ బరువు నెత్తికెత్తుకుంది. ఇవాళ్టి డిబియన్ ఐసోలు కట్టేది దాంతోనే. తమాషా ఏంటంటే, దానికి ‘ఎంకేఐసోఎఫ్ఎస్ లాగా నటించు’ అని చెప్పే ఆప్షనొకటుంది. అందరూ వాడేది దాన్నే.

ఖాళీ 32 కిలోబైట్లు గుర్తున్నాయా? సీడీలు పోయి పెన్‌డ్రైవులొచ్చాక బయాస్‌కి కావలసిన బూట్ సెక్టారుని ఆ ఖాళీలో పెట్టేశారు. దీన్ని ఐసోహైబ్రిడ్ అంటారు. అదే ఫైలు సీడీకి సీడీ, డిస్కుకి డిస్కు. మన డీడీ అమ్మగారికి మళ్లీ మంచిరోజులొచ్చింది అందువల్లే.

ఐసో పెట్టె మాత్రమే. అందులోకి వెళ్లే మొత్తం సిస్టముని కట్టాలిగా. డిబియన్‌లో ఆ పనికి ముందు డీబూట్‌స్ట్రాప్ వచ్చింది, దాని మీద 2006 నుంచి డేనియల్ బౌమన్ మొదలెట్టిన డిబియన్ లైవ్. ఆయన తెచ్చిన పనిముట్టే తర్వాత లైవ్-బిల్డ్ అయింది. ‘ఎల్‌బీ కాన్ఫిగ్’, ‘ఎల్‌బీ బిల్డ్’ అని రెండు కమాండులు కొట్టి టీ తాగొస్తే ఐసో తయారు. ఏయే ప్యాకేజీలు కావాలో మామూలు టెక్స్టు ఫైల్లో రాసుకోవడమే. కాళీ, టెయిల్స్ లాంటివి దీని మీదే కడతారు. అలాంటిది 2015 నవంబరులో డిబియన్‌లోనే వేరేవాళ్లు లైవ్-బిల్డ్-ఎన్‌జీ అని కొత్తది తెచ్చారు. బౌమన్ నొచ్చుకుని ప్రాజెక్టు అయిపోయిందని ప్రకటించి తప్పుకున్నాడు. తొమ్మిదేళ్ల చాకిరీ చేసినవాడిని ముందుగా ఓ మాట అడక్కుండా అదే పేరుకి తోక తగిలించడం పద్ధతి కాదు. పేరు తర్వాత మార్చారనుకోండి. ఆ కొత్తది ఎక్కువకాలం నిలవలేదు; లైవ్-బిల్డ్‌ని వేరేవాళ్లు చేరదీసి నిలబెట్టారు, డిబియన్ 12 నాటికి, అంటే 2023కి, అధికారిక లైవ్ ఇమేజీలు మళ్లీ దాంతోనే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకొద్దాం. 2016 ఫిబ్రవరి 20న లినక్సు మింట్ సైటులోకి ఎవరో చొరబడి, డౌన్‌లోడు లింకుని తాము కట్టిన ఐసో వైపు తిప్పేశారు. మింట్ 17.3 సినమన్ కూర్పే, లోపల దొంగదారి అదనం. చెక్‌సమ్ సరిచూసుకోండి అని అందరూ చెప్తారు. చెక్‌సమ్ కూడా అదే సైటులో ఉంటే, సైటే దొంగ చేతిలో ఉన్నప్పుడు దాని విలువెంత? సంతకం చూడొచ్చు, మంచిదే. కానీ సంతకం చెప్పేది ఫలానావాళ్లు ఇచ్చారని మాత్రమే. వాళ్ల మిషన్లోనే పురుగుంటే పురుగుకి కూడా సంతకం పడుతుంది. 1984లోనే కెన్ థాంప్సన్ తన ట్యూరింగ్ ఉపన్యాసంలో ఈ భయమే చెప్పాడు, సోర్సు చదివితే చాలదు, దాన్ని కట్టిన పనిముట్టుని కూడా నమ్మాలి అని.

మరి దారేది? ఒకే దినుసులు, ఒకే పద్ధతి, వేర్వేరు ఊళ్లలో వేర్వేరు మనుషులు కట్టాలి. వచ్చిన ఐసోలు బైటు బైటూ ఒకటే కావాలి. అప్పుడు దొంగ అందరి మిషన్లలోనూ ఒకేసారి దూరాలి. వినడానికి తేలిక. చేయబోతే పదిహేడో ముక్కలోని తేదీ అడ్డమొస్తుంది. ఒకే ఫోల్డరుని పది నిమిషాల తేడాతో రెండుసార్లు కట్టండి, ఫైళ్లన్నీ అవే అయినా చెక్‌సమ్ మారిపోతుంది. ఫైళ్లు చదివిన వరస మారినా అంతే. డిబియన్‌లో 2013లో ఊపందుకున్న రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ వాళ్లు ఇలాంటి చెత్తనంతా ఏళ్ల తరబడి ఏరారు. సోర్స్ డేట్ ఎపోక్ అని ఒక వేరియబుల్ పెట్టి, ‘ఇప్పుడు టైమెంత అని గడియారాన్నడక్కు, ఇందులో ఉన్నదే టైము’ అని పనిముట్లన్నిటికీ నేర్పారు. పొగడ్తలొచ్చే పని కాదిది, పొలంలో కలుపు తీయడం లాంటిది. 2017 నవంబరులో టెయిల్స్ 3.3 వచ్చినప్పుడు, తమ ఐసోని ఎవరైనా మళ్లీ అచ్చంగా అలాగే కట్టి చూసుకోవచ్చని ప్రకటించారు. నిఘాకి భయపడి ప్రాణం అరచేతిలో పెట్టుకుని పనిచేసే విలేఖరులు వాడే సిస్టమది. వాళ్లకిది సరదా కాదు.

దీంతో అన్నీ తీరిపోతాయని కాదు. 2024లో ఎక్స్‌జెడ్ గొడవ చూశాం. ఒక్కడి మీద నడుస్తున్న చిన్న లైబ్రరీలోకి సాయం పేరుతో రెండేళ్లకి పైగా ఓపిగ్గా చేరి, విడుదల చేసే మూటలో దొంగకోడు పెట్టారు. గిట్‌లో చూస్తే దాన్ని నిద్రలేపే ముక్క కనబడదు, మూటలో మాత్రమే ఉంది. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు విసుక్కుని తవ్వబట్టి బయటపడింది. అంటే దినుసుల్లోనే విషముంటే ఎన్ని ఊళ్లలో వండినా అదే విషం అచ్చంగా వస్తుంది. కానీ కట్టే పద్ధతి నలుగురి కళ్ల ముందూ ఉంటే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. బంగారు సీతలో ఎక్కడని వెతుకుతాం?

ఇది మనకి దూరపు సంగతేం కాదు. డిబియన్ మీద తెలుగులో స్వేచ్ఛ వచ్చింది. చెన్నై సీడాక్ నుంచి బాస్ వచ్చింది, అదీ డిబియన్ మీదే. కేరళ బళ్లలో కైట్ వాళ్లు ఉబుంటు మీద కట్టిన సొంత కూర్పు వాడుతున్నారు. ప్రభుత్వ సొమ్ముతో పిల్లల ముందుకీ, ఆఫీసుల్లోకీ వెళ్లే ఏ ఇమేజీకైనా ఐసోతో పాటు దాన్ని కట్టే ఫైళ్లు కూడా బయట పెట్టాలనేది నా వాదన. పెడితే ఏ వరంగల్లు కుర్రాడో ఓ రాత్రి కూర్చుని మళ్లీ కట్టి సరిపోయిందో లేదో చెప్తాడు. టెండర్లో ఒక్క వాక్యం చేరిస్తే సరిపోయే పని.

చేసి చూడాలనుకునేవాళ్లకి ఓ మాట. డిబియన్ ఉన్న మిషన్లు రెండు, ఓ ముప్ఫై గిగాబైట్ల ఖాళీ చాలు. రెండింటి మీదా ఒకే కాన్ఫిగ్‌తో, ప్యాకేజీలు ఒకే తేదీ స్నాప్‌షాటు నుంచి తెచ్చుకునేలా పెట్టి, సోర్స్ డేట్ ఎపోక్ ఒకటే ఇచ్చి కట్టండి. షా256సమ్ తో పోల్చండి. తేడా వస్తే డిఫోస్కోప్ అని ఉంది, రెండు ఐసోల పొట్టలూ కోసి ఏ ఫైల్లో ఏ బైటు వేరో పక్కపక్కన చూపిస్తుంది. చాలాసార్లు ఎక్కడో ఓ మూల దాక్కున్న తేదీయే అయివుంటుంది.