చిలుము కింది చరిత్ర: శాతవాహన నాణేల శుభ్రత

గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో దొరికిన నాణేల మీద గోభద, నారన, కంవాయ, సమగోప వంటి పేర్లు ఉన్నాయని మీకు తెలుసు. శాతవాహనులకు ముందు ఆ ప్రాంతాన్ని ఏలిన ఈ స్థానిక పాలకుల గురించి మనకు చెప్పేది ఆ నాణేలే. అదే స్థలంలో 'చిముక' అనే పేరున్న నాణేలు దొరికిన తరువాత శాతవాహన వంశ ప్రారంభం గురించిన చర్చ తెలంగాణ వైపు మళ్లింది. ఇంత పెద్ద చర్చకు ఆధారం చిన్న లోహపు బిళ్ల మీది కొన్ని బ్రాహ్మీ అక్షరాలు. ఆ అక్షరాలు చిలుము కింద ఉన్నప్పుడు, దాన్ని ఎవరు, ఎలా తీశారన్నది కూడా చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్నే.

ముందు ఒక విషయం గమనించండి. శాతవాహన నాణేల్లో అచ్చు పెద్దదిగా, బిళ్ల చిన్నదిగా ఉండటం తరచుగా కనిపిస్తుంది. కాబట్టి అంచు వెంబడి ఉండే శాసన పాఠం ఒకే నాణెం మీద పూర్తిగా పడదు. ఒకదాని మీద మొదటి అక్షరాలు, మరొకదాని మీద చివరి అక్షరాలు దొరికితే, వాటిని కలిపి రాజు పేరు చదువుతారు. ఒక నాణెం అంచు అరిగిపోయిందంటే ఆ వాక్యంలో ఒక ముక్క పోయినట్లే.

ఇప్పుడు లోహాల సంగతి చూద్దాం. రాగి నాణెం నేలలో ఉన్నంతకాలం పైపొర మెల్లగా ఖనిజంగా మారుతుంది. మనం చిలుము అనేది ఈ పచ్చటి పొరనే. చాలా సందర్భాల్లో నాణెం అసలు ఉపరితలం, అంటే టంకశాలలో ముద్ర పడిన రూపం, లోపలి లోహంలో కాక ఈ పొరలోనే నిలిచి ఉంటుంది. ఇంట్లో రాగి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. నాణేన్ని కూడా అలాగే తోమితే చిలుముతో పాటు అక్షరాలూ నీళ్లలో కలుస్తాయి. చెంబు మీద రాత లేదు కనుక నష్టం లేదు, అంతే తేడా.

అయితే పచ్చగా ఉన్నదంతా మేలు చేసేదే అనుకోకూడదు. నేలలోని ఉప్పు వల్ల నాణెం లోపల రాగి క్లోరైడ్ చేరి ఉంటే, దానికి తేమ, ప్రాణవాయువు తగిలినప్పుడు ఆమ్లం పుట్టి మిగిలిన లోహాన్ని తింటుంది. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అదే లక్షణం. దీన్ని 'కంచు వ్యాధి' అంటారు. ఇలాంటి నాణేన్ని ముట్టుకోకుండా వదిలేయడం కూడా తప్పే. లవణాలు పోయేలా స్వేదనజలంలో పలుమార్లు నానబెట్టడం, పొడి వాతావరణంలో ఉంచడం, బెంజోట్రయజోల్ అనే రసాయనంతో రక్షణ పొర ఏర్పరచడం సంరక్షకులు అనుసరించే పద్ధతులు.

సీసం దగ్గరికి వచ్చేసరికి ఈ నియమం తలకిందులవుతుంది. శాతవాహనులు సీసపు నాణేలను విస్తారంగా వేయించారు. కోస్తాలో దొరికిన ఓడ బొమ్మ నాణేలు మీకు పరిచయమే. రాగికి పనికొచ్చే స్వేదనజలం సీసానికి హాని చేస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసిన శుద్ధజలం సీసాన్ని కరిగిస్తుంది. సీసం గోరుతో గీత పడేంత మెత్తన కాబట్టి ఇత్తడి బ్రష్షు పెట్టారంటే ఓడ తెరచాప మాయం. భద్రపరచడంలోనూ చిక్కుంది: చెక్క బీరువా, ప్లైవుడ్ డ్రాయర్ల నుంచి వచ్చే ఆమ్ల ఆవిరికి సీసం మీద తెల్లటి పొడి కడుతుంది. ఎంతో శ్రద్ధగా టేకు పెట్టెలో దాచిన నాణేలు నేలలో కంటే వేగంగా చెడిపోవచ్చు! ఆ తెల్లటి పొడి విషం కూడా. దాన్ని చేతులతో దులపకూడదు.

వెండి విషయంలో ఒక్క ఉదాహరణ చాలు. 1906లో నాసిక్ సమీపంలోని జోగల్‌తంబిలో 13,000కు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అవి క్షహరాట రాజు నహపాణునివి. వాటిలో 9,000కు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నాలను తిరిగి ముద్రించాడు. నహపాణుని ఓటమికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అరుదు. కొత్త ముద్ర కింద పాత రాజు ముఖం, అక్షరాలు లీలగా కనిపించడమే ఆ సాక్ష్యం. మెరుగు పెట్టే పొడితో గట్టిగా రుద్దితే ముందుగా పోయేవి ఆ లీలామాత్రపు గీతలే.

బరువు మరో ఆధారం. డి.డి. కోశాంబి విద్ధాంక నాణేలను ఒక్కొక్కటిగా తూచి, చేతులు మారేకొద్దీ అవి ఎంత తరిగాయో లెక్కగట్టి, వాటి చలామణీ కాలాన్ని అంచనా వేశాడు. ఆమ్లంలో ముంచిన నాణెం తరుగుదలలో సంతకు ఎంత వాటా, ఆమ్లానికి ఎంత వాటా అన్నది ఎవరూ చెప్పలేరు. అందుకే ప్రయోగశాలలో పని మొదలుపెట్టే ముందే నాణేన్ని తూచి, రెండు వైపులా ఫోటో తీస్తారు. ఆ తరువాత సూక్ష్మదర్శిని కింద వెదురు పుల్లతోనో సన్నని సూదితోనో మట్టిని కొద్దికొద్దిగా విడదీస్తారు. ఒక్క నాణేనికే గంటలు పడుతుంది. కుండలో అతుక్కుపోయిన నాణేల ముద్దనైతే విడదీయక ముందే వాటి వరుసను, వాటి మీద గుడ్డ నేత గుర్తు ఉంటే దాన్ని నమోదు చేస్తారు.

దున్నేటప్పుడు మీ పొలంలోనే నాణేలు బయటపడితే? కడగకండి, రుద్దకండి. మట్టితోనే పొడి కాగితంలో చుట్టి, దొరికిన చోటు, తేదీ రాసిపెట్టండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినవారు జిల్లా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

అభ్యాసం: హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియానికి గాని, మీకు దగ్గరలోని మరో మ్యూజియానికి గాని వెళ్లి, పది ప్రాచీన నాణేలను పరిశీలించండి. ప్రతి నాణెం లోహం, ఉపరితలం రంగు, మీకు కనిపించిన అక్షరాల సంఖ్య రాసుకోండి. బాగా మెరిసేవాటి మీద ఎన్ని అక్షరాలున్నాయి, నల్లగా లేదా పచ్చగా ఉన్నవాటి మీద ఎన్ని ఉన్నాయో పోల్చి ఒక పేజీకి మించకుండా వివరించండి.