టేకు: తెరచాప ఓడల బయటి చెక్క సంరక్షణ

తెరచాప ఓడలో ఎండకూ వానకూ ఉప్పునీటికీ తెరిపి లేకుండా గురయ్యే భాగాలు కొన్ని ఉంటాయి. డెక్కు, అంచు కమ్మీలు, పట్టుకునే కడ్డీలు, తలుపు చట్రాలు ఈ కోవలోవి. వీటికి వందల ఏళ్లుగా టేకునే ఎంచుకుంటూ వచ్చారు. ఆ చెక్కను కాపాడడం, పాతబడ్డాక మళ్లీ తేటపరచడం ఓడ కట్టడంతో పాటే పుట్టిన విద్య. తెలుగునాట ఈ విద్యకు చిరునామా గోదావరి ముఖద్వారం.

టేకు మన్నిక అంతా చేవలోనే ఉంది. చేవలో సహజమైన నూనె, సన్నని ఇసుకలాంటి సిలికా ఉంటాయి. అందువల్ల చెద, కుళ్లు దరిచేరవు. ఓడపురుగు కూడా తొందరగా తొలవలేదు. ఓక్ చెక్కలోని ఆమ్లం ఇనుప మేకులను తినేస్తుంది. టేకుతో ఆ బెడద లేదు. 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం టేకుతో కట్టిన ‘ట్రింకోమలీ’ యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నేటికీ నీటి మీద నిలిచి ఉంది.

శాతవాహనుల నాణేలపై రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. ఆ ఓడల చెక్కకు ఏ పూత పూశారో నాణెం చెప్పదు. పూత గురించి మాట్లాడిన తొలి సాక్షుల్లో మార్కోపోలో ఒకడు. 13వ శతాబ్దం చివర మోటుపల్లి రేవు గురించి రాసిన ఈ యాత్రికుడు, తూర్పు సముద్రాల్లో తిరిగే ఓడలకు సున్నం, సన్నగా తరిగిన జనపనార, చెట్టునూనె కలిపి దంచి పట్టించేవారని వర్ణించాడు. చేప నూనె, గుగ్గిలం కూడా బంగాళాఖాతం తీరంలో పడవలకు బాగా వాడుకలో ఉండేవి. ఇవేవీ మెరుగు కోసం పూసినవి కావు. చెక్క తాగినంత తాగుతుంది, మిగిలింది అరిగిపోతుంది, అరిగిన చోట మళ్లీ పూస్తారు. నేటి ఖరీదైన పూతల కన్నా ఈ పద్ధతే టేకు స్వభావానికి దగ్గరగా ఉందని చెప్పాలి.

1669, 1679 మధ్య ఈ తీరాన తిరిగిన ఇంగ్లీషు వర్తకుడు థామస్ బౌరీ, ఓడలు కట్టడానికీ బాగుచేయడానికీ నరసాపురం, మాధవాయపాలెం ఎంతో అనువైన చోట్లని రాశాడు. కలప, ఇనుము, పనివాళ్లు అక్కడ సమృద్ధిగా దొరికేవి. ఎగువ అడవుల్లోని దుంగలు గోదావరి మీదుగా దిగువకు వచ్చేవి. ఆ తర్వాత పేరు గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవుది. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తాకూ శ్రీలంకలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడలను డాకులోకి ఎక్కించి బాగుచేయగలిగిన రేవు కోరంగి ఒక్కటే. అక్కడికి దగ్గర్లోని సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ‘కోరమండల్ తీరపు మొక్కలు’ మొదటి సంపుటి 1795లో వెలువడడం మొదలైంది. అందులో టేకుకు బొమ్మతో సహా చోటు దక్కింది.

1789, 1839 తుపానుల ఉప్పెనలు కోరంగిని ముంచెత్తాయి. ఆ ఉప్పెనలను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టనే 1848లో ‘సైక్లోన్’ అనే మాటను సృష్టించాడు. తర్వాత రేవు పూడిపోయింది, ఆవిరి ఓడలు వచ్చాయి. అప్పటికి టేకు వ్యాపారం బర్మా వైపు మళ్లింది. అక్కడ చెట్టు మొదట్లో బెరడు చుట్టూ వలిచి, నిలువునా ఎండనిచ్చి, ఆపైన నరికేవారు. ఎందుకంటే పచ్చి టేకు నీటిలో మునుగుతుంది, ఎండినది తేలుతుంది. బతుకుతెరువుకు రంగం (రంగూన్) వెళ్లిన తెలుగువారిని బర్మావాళ్లు ‘కోరంగీలు’ అనేవారు. రేవు చితికిపోయినా పేరు సముద్రం దాటి నిలిచింది. టేకు వ్యాపారం మళ్లిన ఆ బర్మా కూడా 2014లో దుంగల ఎగుమతిని నిషేధించింది.

ఈనాడు టేకు సంరక్షణకు మూడు దారులున్నాయి. మొదటిది ఏమీ పూయకపోవడం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పైపొరలోని లిగ్నిన్‌ను విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది, చెక్క వెండిబూడిద రంగుకు తిరుగుతుంది. ఇది జబ్బు కాదు. రెండోది నూనె. రంగు ఇట్టే తేరుకుంటుంది గానీ కొద్ది నెలలకే మళ్లీ పట్టించాలి. తేమ వాతావరణంలో అదే నూనె మీద నల్లబూజు పెరుగుతుంది. మూడోది వార్నిష్. టేకులోని జిడ్డు వల్ల పూత సరిగా అంటుకోదు కాబట్టి ముందుగా అసిటోన్‌తో తుడవాలి. పలచగా ఆరేడు పూతలు వేసి, పూతకూ పూతకూ మధ్య సన్న గరుకు కాగితంతో రుద్దాలి. ఎక్కడైనా పొర పగిలితే నీరు కిందికి చేరి నల్లమచ్చలు పడతాయి. అప్పుడు పైపైన దిద్దితే లాభం లేదు, అక్కడి పొరను గీకి మొదటి నుంచీ పూయాల్సిందే.

టేకు డెక్కులను ఎండ కన్నా ఎక్కువగా చెరిపింది అతిగా రుద్దడమే. గట్టి బ్రష్‌తో గీతల వెంట తోమితే మెత్తటి భాగం లేచిపోయి గట్లు తేలతాయి. ప్రెషర్ పంపు దెబ్బ కూడా అలాంటిదే. ఆమ్లం కలిసిన క్లీనర్లు రంగు తేల్చినా ప్రతిసారీ కొంత చెక్కను తీసుకుపోతాయి. ఓడవాళ్లు సముద్రపు నీటితోనే డెక్కు కడిగేవారు. ఉప్పు బూజును అణచి, పలకల్లో తేమ నిలిపి, అతుకులు విచ్చుకోకుండా చూసేది. మెత్తటి బ్రష్‌తో గీతలకు అడ్డంగా, తేలిగ్గా తోమితే చాలు.

హోసూరు, కృష్ణగిరి వైపు సముద్రం లేదు, తెరచాప ఓడలూ లేవు. అయినా వానజల్లు కొట్టే టేకు తలుపుకూ అరుగు మీది బల్లకూ ఇవే సూత్రాలు పనికొస్తాయి. కడిగాక పూర్తిగా ఆరనిచ్చి నూనె పట్టించండి, మిగిలింది తుడిచేయండి. తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉన్న గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చు. వాటిని విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.