దీని నెక్, దాని పికప్: ఊహల గిటారు పుట్టుపూర్వోత్తరాలు

గిటారు వాయించేవాళ్లు నలుగురు చేరితే ఈ ముచ్చట రాక తప్పదు: దీని నెక్, దాని పికప్, ఇంకోదాని బ్రిడ్జి కలిపి ఒక్క గిటారు చేయిస్తే ఎంత బాగుండు! ఈ కోరిక ఇప్పటిది కాదు. 1940 ప్రాంతంలో గిటారిస్టు లెస్ పాల్ న్యూయార్క్‌లోని ఎపిఫోన్ ఫ్యాక్టరీలో నాలుగంగుళాల పైన్ దిమ్మకి తీగలు, వాటి అదురుని కరెంటుగా మార్చే పికప్‌లు బిగించాడు. బోలు గిటారుకి పికప్ పెడితే స్పీకర్ మోతకి పెట్టె కూడా అదిరి కీచుమంటుంది. దిమ్మకి ఆ బాధ లేదు, పైగా మీటిన స్వరం చాలాసేపు నిలుస్తుంది. కాకపోతే దిమ్మని చేత్తో పట్టుకుని వాయిస్తే జనం ఒప్పుకోరుగా! ఒక ఎపిఫోన్ గిటారుని నిలువునా కోసి ఆ ముక్కల్ని అటూ ఇటూ తగిలించాడు. గిటార్లు చేసే గిబ్సన్ కంపెనీకి చూపిస్తే మొదట దాన్ని పట్టించుకోలేదు.

అసలు పేచీ 1950లలో మొదలైంది. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్‌కి గిటారు వాయించడం రాదు. అందుకేనేమో, విప్పి బిగించడానికి వీలుగా మేపుల్ నెక్‌ని స్క్రూలతో కలిపాడు. 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌లో మూడు పికప్‌లు, పక్కటెముకలకి ఒత్తుకోకుండా చెక్కిన బాడీ, స్వరాన్ని ఊపే స్ప్రింగుల బ్రిడ్జి ఉన్నాయి. గిబ్సన్ వాళ్లది పాత వడ్రంగి పద్ధతి. 1952లో తెచ్చిన లెస్ పాల్ మోడల్‌కి మహాగని బాడీ, పైన మేపుల్ పలక, జిగురుతో అతికిన నెక్.

ఫెండర్ తీగ పొడవు 25.5 అంగుళాలు, గిబ్సన్‌ది 24.75. తేడా ముప్పావు అంగుళమే. అయినా ఒకే శ్రుతిలో పొడుగు తీగకి బిగువెక్కువ, ఖంగున మోగుతుంది. పొట్టి తీగ వేలికి లొంగుతుంది. ఫెండర్ పికప్‌లో అయస్కాంతం చుట్టూ ఉన్నది ఒకే తీగచుట్ట కాబట్టి చుట్టుపక్కల కరెంటు గుర్రుని కూడా పట్టేస్తుంది. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్టలు ఎదురెదురు ధ్రువాలతో పెట్టి ఆ గుర్రుని కొట్టేయించాడు. 1957లో గిటార్లకెక్కిన ఈ హంబకర్‌తో ధ్వని చిక్కబడింది, మెరుపు మాత్రం కొంత తగ్గింది.

1970ల మధ్యలో గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్‌కి ఫెండర్ బాడీ, గిబ్సన్ ధ్వని రెండూ కావాల్సివచ్చాయి. 50 డాలర్లకి లోపమున్న స్ట్రాట్ తరహా బాడీ, 80కి నెక్ కొన్నాడు. బాడీలో గుంట పెద్దది చేసి గిబ్సన్ పికప్ దించాడు. కీచు రాకుండా ఆ పికప్‌ని కరిగిన మైనంలో ముంచాడు. వాల్యూమ్ నాబ్ ఒక్కటే ఉంచి, దానికి ‘టోన్’ అని రాసున్న మూత పెట్టాడు! 1978లో అతని బృందం మొదటి ఆల్బం వచ్చాక, కంపెనీలే ఆ జోడింపుని తయారుచేసి అమ్మాయి. ఇంగ్లండులో గిటారిస్టు బ్రయన్ మే అంతకు ముందే, 1963లో, తండ్రితో కలిసి పాత పొయ్యిగూటి మహాగని, మోటారుసైకిలు స్ప్రింగులతో తన గిటారు మొదలుపెట్టాడు. 1985లో మేరీలాండ్‌లో కంపెనీ పెట్టిన పాల్ రీడ్ స్మిత్ అయితే తీగ పొడవులోనే రాజీ కుదిర్చాడు: 25 అంగుళాలు.

మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్ కూడా ఈ కోవలోదే. జంట తీగలని గమకానికి లాగడం కష్టం. ఆయన నాలుగు జంటల బదులు ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి కర్ణాటక సంగీతం పలికించారు.

నన్నడిగితే: 25 అంగుళాల తీగ, స్క్రూలతో బిగించిన మేపుల్ నెక్, బ్రిడ్జి దగ్గర హంబకర్, నెక్ దగ్గర ఒంటి చుట్ట, ఒకే నాబ్. హంబకర్‌లో ఒక చుట్టని ఆపే స్విచ్ పెడితే రెండు గొంతులూ వస్తాయంటారు గానీ, నా చెవికి అది ఎప్పుడూ పీలగానే వినిపించింది. మే గిటారులోలా 24 ఫ్రెట్లు (నెక్ మీది మెట్లు) కూడా వద్దు. చివరి రెండు ఫ్రెట్ల కోసం నెక్ పికప్ బ్రిడ్జి వైపు జరగాలి, దాంతో ఆ చోట దొరికే గుండ్రని ధ్వని పోతుంది. 22 చాలు.