కాలేయ క్యాన్సర్ గ్రేడు: డిఫ్యూజన్ ఎమ్మారై

కాలేయ కణాల్లో పుట్టే క్యాన్సర్ (హెపటోసెల్యులర్ కార్సినోమా) ఎంత ఉద్ధృతమైనదో ఆపరేషన్‌కు ముందే అంచనా వేసేందుకు తోడ్పడే స్కానింగ్ పద్ధతి డిఫ్యూజన్ ఎమ్మారై. కణజాలంలో నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో ఇది కొలుస్తుంది. ఈ కొలతకు సూది పోటు, ఎక్స్‌రేలు, కాంట్రాస్ట్ మందు అక్కర్లేదు.

అవసరం

1954లో అమెరికా వైద్యులు ఎడ్మండ్‌సన్, స్టైనర్ ఈ క్యాన్సర్‌ను నాలుగు గ్రేడులుగా విభజించారు. మొదటి గ్రేడు కణాలు మామూలు కాలేయ కణాలను పోలి ఉంటాయి. నాలుగోదానిలో ఆ పోలిక దాదాపు చెరిగిపోతుంది. గ్రేడు పెరిగేకొద్దీ క్యాన్సర్ సన్నని రక్తనాళాల్లోకి చొరబడే ప్రమాదం, ఆపరేషన్ తర్వాత తిరగబెట్టే ప్రమాదం పెరుగుతాయి. సిర్రోసిస్ రోగుల్లో కాంట్రాస్ట్ స్కాన్‌తోనే చాలాసార్లు వ్యాధి నిర్ధారణ అవుతుంది కాబట్టి బయాప్సీ చేయరు. చేసినా రక్తస్రావం భయం ఉంటుంది. పైగా సూదికి అందేది గడ్డలో ఒక మూల ముక్కే. అందువల్ల అసలు గ్రేడు తరచుగా గడ్డను కోసి తీశాకే తెలుస్తుంది.

పనిచేసే తీరు

వేట నిషేధం రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒకదానికొకటి ఆనుకుని నిలిచిపోతాయి. మధ్యలోంచి చిన్న తెప్ప వెళ్లాలన్నా దారి ఉండదు. ఉద్ధృతమైన గడ్డలో కణాల కిక్కిరింపు అలాంటిది. వాటి మధ్య నీటి కదలిక తగ్గుతుంది. ఆ కదలికకు కొలమానం ఏడీసీ (అపారెంట్ డిఫ్యూజన్ కోఎఫిషియెంట్). శరీర ఉష్ణోగ్రత వద్ద స్వేచ్ఛగా ఉన్న నీటికి అది సెకనుకు సుమారు 0.003 చదరపు మిల్లీమీటర్లు. ఈ గడ్డల్లో సాధారణంగా అందులో సగం కూడా ఉండదు. రేడియాలజిస్టు రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. డిఫ్యూజన్ చిత్రంలో తెల్లగా మెరిసిన గడ్డ ఏడీసీ పటంలో నల్లబడితేనే అక్కడ నీటికి నిజంగా అడ్డు ఉన్నట్టు.

చరిత్ర

అణువుల కదలిక అయస్కాంత సంకేతాన్ని తగ్గిస్తుందని 1950లో ఎర్విన్ హాన్ గుర్తించాడు. దాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతిని 1965లో స్టెజ్‌స్కల్, టానర్ రూపొందించారు. 1980ల నడుమ ఫ్రాన్స్‌లో డెనీ ల బిహాన్ దీన్ని రోగుల దగ్గరికి తెచ్చాడు. ఆయన మొదట పరీక్షించింది కాలేయాన్నే: క్యాన్సర్ గడ్డ ఏదో, హాని లేని రక్తనాళాల గడ్డ ఏదో తేల్చాలన్నది ఆశ. ఊపిరితో కాలేయం కదిలిపోవడంతో చిత్రాలు చెదిరిపోయాయి. దాంతో కదలని మెదడు వైపు మళ్లాడు. 1986లో ఫలితాలు ప్రచురించాడు. 1990 నుంచి పక్షవాతాన్ని తొలి గంటల్లోనే పట్టే సాధనంగా ఈ పద్ధతికి పేరొచ్చింది.

1977లోనే పీటర్ మాన్స్‌ఫీల్డ్ ప్రతిపాదించిన అతివేగ చిత్రణ 1990లలో ఆసుపత్రి యంత్రాల్లోకి చేరాక, ఒక్క ఊపిరి బిగబట్టే వ్యవధిలో కాలేయాన్ని చిత్రించడం సాధ్యమైంది. మొదలైన చోటికే ఈ విద్య తిరిగొచ్చింది.

2009లో జపాన్ నుంచి రెండు భిన్న ఫలితాలు వెలువడ్డాయి. గ్రేడు ముదిరితే ఏడీసీ తగ్గుతుందని ఒక బృందం చెప్పింది. ఏడీసీకి గ్రేడుతో స్పష్టమైన సంబంధం లేదని, చిత్రంలో మెరుపు మాత్రం పెరుగుతుందని మరొకటి చెప్పింది. సన్న నాళాల్లో రక్తప్రవాహం కూడా ఏడీసీలో కలిసిపోవడం చిక్కుల్లో ఒకటి. నీటి కదలికను, రక్తప్రవాహాన్ని వేరుచేసే ల బిహాన్ పాత ఆలోచనను వాడి, 2014లో సియోల్ పరిశోధకులు మెరుగైన ఫలితం సాధించారు.



  

పరిమితులు

గ్రేడుల మధ్య ఏడీసీ విలువలు కలగలిసిపోతాయి. యంత్రాన్ని బట్టీ మారతాయి. గుండె కొట్టుకోవడం వల్ల కాలేయం ఎడమ భాగంలో కొలత తప్పుగా పెరుగుతుంది. ఒకే గడ్డలో రెండు మూడు గ్రేడులు ఉండొచ్చు. కాబట్టి ఏడీసీని కాంట్రాస్ట్ చిత్రాలతో, ఏఎఫ్‌పీ (ఆల్ఫా ఫీటోప్రొటీన్) రక్తపరీక్షతో కలిపి చదవాలి. తుది తీర్పు మైక్రోస్కోపుదే. అయితే ఎంత మేర కోయాలి, ఆపరేషన్ తర్వాత ఎంత దగ్గరగా కనిపెట్టుకోవాలి అని ఆలోచించే సర్జన్‌కు ఈ అంచనా ముందే అందడం రోగికి నిజమైన మేలు.