ఒక్కమాట మీద నిలిచిన అడవి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ధనోరా తాలూకాలో మెంఢా అనే గోండు గూడెం ఉంది. అదే పేరుతో వేరే ఊళ్లు కూడా ఉండటంతో, పక్కనున్న లేఖా గ్రామం పేరు చేర్చి దీన్ని మెంఢా లేఖా అంటారు. ఊళ్లో ఉండేది సుమారు నూరు గడపలే. ఊరి చుట్టూ ఉన్న 1,809 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు 2009లో ఈ గ్రామసభ చేతికి వచ్చింది. అటవీ హక్కుల చట్టం కింద దేశంలో అలాంటి హక్కుపత్రం అందరికన్నా ముందు అందుకున్నవి అదే జిల్లాలోని మర్దా, మెంఢా గ్రామాలే.

గడ్చిరోలి తెలుగువారికి దూరపు చోటేమీ కాదు. ప్రాణహిత, గోదావరి దాటితే తెలంగాణే. జిల్లా దక్షిణాన సిరొంచ ప్రాంతంలో ఇళ్లలో తెలుగు మాట్లాడతారు. మెంఢా గోండులకూ ఆదిలాబాద్ గోండులకూ జాతి ఒక్కటే.

చేజారిన అడవి

1878 నాటి బ్రిటిష్ అటవీ చట్టం అడవులను మూడు రకాలుగా విడగొట్టింది: రిజర్వు అడవులు, రక్షిత అడవులు, గ్రామ అడవులు. మొదటి రెండు రకాలూ దేశమంతా విస్తరించాయి. ఊళ్లకు అప్పగించవలసిన మూడో రకం 1927 చట్టంలోనూ కొనసాగింది కానీ చాలాచోట్ల కాగితం దాటి రాలేదు.

అప్పట్లో మధ్య పరగణాల్లో భాగమైన గడ్చిరోలి ప్రాంతంలో అడవులు జమీందార్ల ఏలుబడిలో ఉండేవి. అయినా వంటచెరకు, ఇంటి వాసాలు, గడ్డి, వెదురు అడవి నుంచి తెచ్చుకునే ఆనవాయితీ హక్కు జనానికి ఉండేది. దాన్ని నిస్తార్ అంటారు. 1950ల ఆరంభంలో జమీందారీ రద్దయ్యాక అడవి ప్రభుత్వానిదైంది. నిస్తార్ హక్కు రికార్డుల్లో మిగిలింది గానీ, రానురాను ప్రతి కట్టెకూ అటవీ సిబ్బంది అనుమతి కావలసి వచ్చింది.

అడవిలోని వెదురును ప్రభుత్వం కాగితపు మిల్లుకు లీజుకిచ్చింది. గోండు ఇంట్లో తట్ట, బుట్ట, చాట, చాప, తడిక, పైకప్పు అన్నీ వెదురుతోనే. ఒక బొంగు కొట్టుకుంటే నేరమైన చోటనే లారీలకు లారీల వెదురు మిల్లుకు తరలిపోయేది.

ఆనకట్ట నుంచి గోటుల్ దాకా

1980ల ఆరంభంలో ఈ ప్రాంతం మీదికి మరో ముప్పు వచ్చింది. గోదావరి మీద ఇచ్చంపల్లి, ఇంద్రావతి మీద భోపాలపట్నం దగ్గర భారీ ఆనకట్టలు కట్టాలని ప్రభుత్వాలు తలపెట్టాయి. ఇచ్చంపల్లి నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని ఊరు. ఆనకట్టలు కడితే వేల ఎకరాల అడవి, ఆదివాసీ పల్లెలు నీట మునుగుతాయని తెలిసి జనం ఉద్యమించారు. అడవిని కాపాడండి, మనిషిని కాపాడండి అన్న నినాదంతో సాగిన ఆ పోరాటంలో సంఘసేవకులు బాబా ఆమ్టే కూడా పాల్గొన్నారు. మెంఢావాసులూ కదిలారు. ప్రాజెక్టులు ఆగిపోయాయి. తమ అడవి గురించి తీర్మానించవలసింది ఎవరన్న ప్రశ్న మాత్రం వాళ్ల మనసుల్లో నిలిచిపోయింది.

ఆ తర్వాత ఊరివాళ్లు తమ గోటుల్‌ను తిరిగి కట్టుకున్నారు. గోండు యువతీయువకులు కలుసుకుని ఆటపాటలు, కట్టుబాట్లు నేర్చుకునే సంప్రదాయ మందిరం అది. దానికి కలప అడవి నుంచే తెచ్చారు. అటవీ శాఖ ఆ కట్టడాన్ని విప్పించి కలప పట్టుకుపోయింది. ఊరు తగ్గలేదు. చుట్టుపక్కల పల్లెలు కూడా తమతమ గోటుళ్లు కడతామని ముందుకొచ్చాయి. చివరికి అధికారులే వెనక్కి తగ్గారు.

సర్వసమ్మతి

ఈ కాలంలోనే వృక్షమిత్ర సంస్థ కార్యకర్త మోహన్ హీరాబాయి హీరాలాల్ మెంఢాకు దగ్గరయ్యారు. ఊరి తరఫున దేవాజీ తోఫా ముందు నిలిచారు. ఇద్దరూ కలిసి నడిపించిన పద్ధతికి రెండు కాళ్లు. ఒకటి అధ్యయన బృందం. చట్టమైనా, మొక్కల పెంపకమైనా, లెక్కలైనా ఊరివాళ్లు కూర్చుని చర్చించుకునే వేదిక అది. బయటి నిపుణులను కూడా అక్కడికి పిలిచేవారు. రెండోది గ్రామసభ. ప్రతి ఇంటి నుంచీ ఆడామగా ఇద్దరూ కూర్చునే ఆ సభలోనే నిర్ణయం జరుగుతుంది.

సభలో చేతులెత్తి ఓట్లు లెక్కపెట్టరు. ఒక్కరు కాదన్నా ఆ సంగతి మళ్లీ చర్చకు వస్తుంది. అందరూ ఒప్పుకున్నాకే అది ఊరి మాట. ఈ ఆలస్యానికి అర్థముంది. నూరు గడపల ఊళ్లో నలభై ఇళ్లు ఓడిపోతే, ఆ నలభై ఇళ్లలో ఎవరో ఒకరు రాత్రిపూట గొడ్డలి పట్టుకుని అడవికి పోతారు. అడవి కట్టుబాటును కావలివాడి కర్ర ఒక్కటే నిలబెట్టలేదు. తాను ఒప్పుకున్న మాట గనుకనే మనిషి దానికి కట్టుబడతాడు.

ఈ సభే ఆడవాళ్ల పట్టుదల మీద ఊళ్లో సారాను కట్టడి చేసింది. అడవికి నిప్పు పెట్టకూడదని, కొత్తగా అడవి నరికి పోడు చెయ్యకూడదని, ఇంటి అవసరానికి మించి కలప కొట్టకూడదని, బయటివాళ్లెవరైనా సభ అనుమతి లేకుండా అడవిలో పని చెయ్యకూడదని కట్టడి చేసుకుంది. వంతులవారీగా గస్తీ తిరిగారు. అటవీ పనుల్లో వచ్చిన కూలిలో పదో వంతు ఊరి నిధికి వేసుకున్నారు. ఢిల్లీలో, ముంబైలో ఉన్నది మా ప్రభుత్వమే, మా ఊళ్లో మాత్రం మేమే ప్రభుత్వం అన్నది వాళ్ల నినాదం.

కట్టుబాటు పనితీరును ఎలా మార్చిందో తేనె దగ్గర కనబడుతుంది. పూర్వం తేనెపట్టు కింద మంట పెట్టేవారు. ఈగలు చచ్చేవి, పట్టు మొత్తం నేలరాలేది. అధ్యయన బృందం కూర్చున్నాక ఆ పద్ధతి మారింది. ఒంటినిండా రక్షణ దుస్తులు వేసుకుని, పట్టులో తేనె నిలిచే భాగం మటుకే కోస్తారు. గుడ్లు, పిల్లలు ఉన్న భాగం కొమ్మనే ఉంటుంది. ఈగలు మళ్లీ తేనె పోస్తాయి.

1990ల్లో ఉమ్మడి అటవీ యాజమాన్య పథకం వచ్చినప్పుడు, మహారాష్ట్ర దాన్ని బాగా పాడైన అడవులకే పరిమితం చేసింది. అడవిని పాడు చేసుకున్న ఊరికి పథకం, కాపాడుకున్న ఊరికి లేకపోవడం ఏమిటని మెంఢా నిలదీసింది. నిలిచి ఉన్న అడవితో ఆ పథకంలో చేరిన తొలి గ్రామంగా రాష్ట్రంలో గుర్తింపు పొందింది.

చట్టం ఏమిచ్చింది

2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. 2008 జనవరి 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఈ చట్టం కింద అడవి నేల ప్రభుత్వానిదిగానే ఉంటుంది. దాన్ని కాపాడే, పెంచే, వాడుకునే అధికారం గ్రామసభకు దక్కుతుంది. ఆ హక్కును అమ్మడానికి వీల్లేదు, బదిలీ చెయ్యడానికి వీల్లేదు. దరఖాస్తు గ్రామసభలో మొదలై, డివిజన్ కమిటీ మీదుగా జిల్లా కమిటీకి చేరుతుంది. పాత నిస్తార్ రికార్డులు, పెద్దల వాంగ్మూలాలు కూడా సాక్ష్యాలుగా చెల్లుతాయి. చట్టం వచ్చేనాటికే మెంఢాకు తన అడవి హద్దులు, అందులో ఏముందో, ఎవరు ఏమి వాడుకుంటున్నారో తెలుసు.

వెదురు పేచీ

హక్కుపత్రం వచ్చినా వెదురు దగ్గర పేచీ మొదలైంది. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి మొక్క. 1927 చట్టం దాన్ని చెట్ల లెక్కలో వేసింది. 2006 చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో, అంటే తునికాకు, ఇప్పపువ్వు, తేనెల సరసన చేర్చింది. గ్రామసభ వెదురు అమ్మబోతే, రవాణా అనుమతి పత్రం ఇవ్వడానికి అటవీ శాఖ ఒప్పుకోలేదు. ఆ పత్రం లేకుండా బొంగు ఊరి పొలిమేర దాటలేదు.

2011 మార్చిలో నాటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్, వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగానే చూడాలని ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. ఏప్రిల్ 27న ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్‌తో కలిసి మెంఢా వచ్చి, రవాణా అనుమతుల పుస్తకాన్ని గ్రామసభకు అప్పగించారు. అప్పటిదాకా అటవీ అధికారి సంతకంతో కదిలిన వెదురు, ఆనాటి నుంచి ఊరి సంతకంతో కదిలింది. 2017లో చట్ట సవరణతో 1927 నాటి చెట్ల నిర్వచనం నుంచి వెదురు అన్న మాటే తొలగిపోయింది.

వెదురు కొట్టడానికి ఒక లెక్క ఉంది. పొదలో ఆ ఏడు మొలిచిన లేత బొంగుల జోలికి పోకూడదు. ముదిరినవే కొట్టాలి, అదీ నేలకు కాస్త పైన కణుపు మీదుగా. తల్లి బొంగులు కొన్ని మిగిలితేనే పొద మళ్లీ చిగురిస్తుంది. టన్నుల లెక్కన కూలి ముట్టే బయటి మనిషికి ఈ ఓపిక ఉండదు. వచ్చే ఏడు అదే పొద దగ్గరికి రావలసినవాడికి ఉంటుంది.

నేల కూడా ఉమ్మడిగా

2013లో మెంఢా మరో అడుగు వేసింది. ఊరివాళ్లు తమ సాగుభూముల యాజమాన్యాన్ని సైతం మహారాష్ట్ర గ్రామదాన చట్టం కింద గ్రామసభకు అప్పగించడానికి తీర్మానించారు. గ్రామదానంలో ఎవరి పొలం వారే దున్నుకుంటారు, పిల్లలకూ దక్కుతుంది. అందులో ఇరవయ్యో వంతు మాత్రం భూమిలేనివారికి పోతుంది. సభ సమ్మతి లేకుండా బయటివాడికి అమ్ముకోవడం కుదరదు. వినోబా భావే ఈ ఆలోచనకు బీజం వేసింది తెలుగు నేల మీదే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. గ్రామదానం దాని కొనసాగింపు.

తెలుగు నేలకు పాఠం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల నుంచే వేల వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. అటవీ శాఖ పథకాలతో పుట్టిన ఆ సమితులు నిధులు ఉన్నన్నాళ్లు పనిచేసి, చాలాచోట్ల నీరసించాయి. అటవీ హక్కుల చట్టం వచ్చాక, గ్రామసభకు దక్కవలసిన సామూహిక హక్కుపత్రాలను కొన్నిచోట్ల ఈ సమితుల పేర ఇచ్చారు. చట్టం చెప్పేది గ్రామసభ అని, శాఖ ఏర్పరచిన కమిటీ కాదని గుర్తుంచుకోవాలి.

ఏజెన్సీ గూడేల్లో హక్కుపత్రం కోసం ఎదురుచూస్తున్నవారు చెయ్యగలిగిన పని ఒకటుంది. పత్రం వచ్చేదాకా ఆగకుండా అడవి హద్దులు రాసుకోవచ్చు, గస్తీ పంచుకోవచ్చు, ఆడవాళ్లను సభలో కూర్చోబెట్టి ఊరంతా ఒక్కమాట మీదికి రావచ్చు. మెంఢా చేతికి హక్కుపత్రం వచ్చింది 2009లో. ఊరు సభగా కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికే రెండు దశాబ్దాలు దాటింది.