కాచినా పోనిది

నీళ్లు కాచి ఫిల్టరులో పోశాక ఇక భయమేమిటనుకుంటాం. క్రిములకైతే సరే. ఫ్లోరైడు క్రిమి కాదు. ఉప్పులా నీళ్లలో కరిగి ఉంటుంది. గుడ్డకూ, క్యాండిల్‌కూ చిక్కదు. కాచితే నీరు ఆవిరై, అది ఇంకా ఎక్కువవుతుంది కూడానూ!

1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో జనం వెన్నులు బిగుసుకుపోవడానికి తాగే నీళ్లలోని ఫ్లోరైడే కారణమని వైద్యులు రాశారు. నల్లగొండ పల్లెల్లోనూ అదే గోస. నడుం వంగిన తల్లులు ఆ నీళ్లే తోడి బిడ్డలకు పోశారు. చూడ్డానికి తేటగానే ఉండేవి మరి!

ఈనాటి ఆర్‌.ఓ. మిషన్లు ఫ్లోరైడును చాలావరకు ఆపుతాయి. అప్పుడవి ఎక్కడివి? 1970లలో నాగపూరు 'నీరి' సంస్థవారు ఓ పద్ధతి రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. బకెట్టు నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరాక పైతేట వంచుకోవడమే. పటిక మనకు కొత్తా? కాని చిటికెడుతో పోదు. ఫ్లోరైడు ఎంతుందో పరీక్ష చేయించి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపుకు దిగేలా పాళ్లు వేయాలి. పటిక మోతాదు మించితే అదీ నీళ్లలో మిగులుతుంది.